తీగలు భూమిలోకి, ఖర్చు ఎవరి మీదికి? కాలిఫోర్నియా అనుభవం

స్తంభాలపై సాగే కరెంటు, టెలిఫోన్ తీగలను భూమిలోకి మార్చాలంటే రోడ్డు తవ్వాలి, గొట్టాలు వేయాలి, ఇంటింటి కనెక్షన్లూ మార్చాలి. ఖర్చు చాలా ఎక్కువ. ప్రయోజనం మాత్రం ముఖ్యంగా ఆ వీధివారిది. మరి ఈ ఖర్చు ఎవరు భరించాలి? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఈ ప్రశ్న ఎన్ని మలుపులు తిరిగిందో ఇక్కడ పరిశీలిద్దాం.

1967లో ఆ రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ 'రూల్ 20' అనే నిబంధనను తెచ్చింది. దీని ప్రకారం రద్దీ రహదారుల వంటి చోట్ల ఖర్చును విద్యుత్ సంస్థ భరించి, వినియోగదారులందరి నుంచి చార్జీల రూపంలో రాబట్టుకుంటుంది. ఈ నిధులు పరిమితం. నివాస వీధులు మార్పు కోరితే, స్తంభాలపై అలాంటి లైనే వేయడానికి అయ్యేంత మొత్తాన్ని మాత్రమే సంస్థ సర్దుబాటు చేస్తుంది. మిగిలినదంతా యజమానులదే.

అంత సొమ్ము ఒక్కసారిగా అందరూ కట్టలేరు కదా! ఇందుకు నగరాలకు అక్కరకు వచ్చినవి అప్పటికే అర్ధశతాబ్దం నాటి రెండు చట్టాలు. 1913 నాటి చట్టం ప్రకారం, ఇంజనీరు నివేదిక ఆధారంగా ఒక్కొక్క స్థలానికి వాటా నిర్ణయిస్తారు. దానిని 30 రోజుల్లో నగదుగా చెల్లించవచ్చు. చెల్లించని వాటాల మొత్తానికి 1915 చట్టం కింద నగరం బాండ్లు అమ్మి పని పూర్తి చేయిస్తుంది. యజమాని ఆ వాటాను వడ్డీతో సహా ఏటా ఆస్తి పన్ను బిల్లుతో కలిపి చెల్లిస్తాడు. మన బెటర్‌మెంట్ చార్జీలు మీకు గుర్తుకు రావచ్చు. అయితే ఇక్కడ బాండ్లకు పూచీ ఆ స్థలాలే అని గమనించాలి. బకాయి పడితే కోర్టు ద్వారా స్థలాన్ని అమ్మించే వీలుంది. వీధి అందం కోసం మొదలైన పని, ఆదాయం తక్కువగల వృద్ధులకు ఇంటి మీది అప్పుగా మారవచ్చు.

1978లో 13వ ప్రతిపాదన ఆస్తి పన్నుకు కళ్లెం వేసింది. దాంతో స్థానిక సంస్థలు ఇటువంటి విధింపులపై మరింత ఆధారపడ్డాయి. దీనికి ప్రతిచర్యగా 1996లో ఓటర్లు 218వ ప్రతిపాదనను ఆమోదించారు. అప్పటినుంచి ప్రతి యజమానికీ బ్యాలెట్ పంపాలి. ఎవరి వాటా ఎక్కువైతే వారి ఓటుకు అంత బరువు. వచ్చిన బ్యాలెట్లలో వ్యతిరేకత బరువెక్కితే విధింపు రద్దు. ఇది పౌరుల ఓటింగు కంటే కంపెనీ వాటాదారుల సమావేశాన్నే ఎక్కువగా పోలి ఉంది. పైగా ప్రతి స్థలానికీ 'ప్రత్యేక ప్రయోజనం' ఉందనీ, వాటా ఆ ప్రయోజనాన్ని మించలేదనీ రుజువు చేసే భారం నగరంపై పడింది.

ఆ భారం ఎంతటిదో శాన్‌ఫ్రాన్సిస్కో సమీపంలోని టిబురాన్ అనే చిన్న పట్టణం తెలుసుకుంది. అక్కడి అధికారులు ఒక లోయ ప్రాంతాన్ని మండలాలుగా విభజించి, తీగలు మార్చడానికి తక్కువ ఖర్చయ్యే మండలంలోని ఇళ్లకు తక్కువ వాటా వేశారు. ఫలితంగా ఒకే రకమైన ప్రయోజనం పొందే ఇళ్లు వేర్వేరు మొత్తాలు కట్టాల్సి వచ్చింది. ప్రయోజనం పొందే కొన్ని స్థలాలనైతే పథకంలోనే చేర్చలేదు. 2009లో అప్పీలు కోర్టు ఈ విధింపు చెల్లదని తీర్పు చెప్పింది. వాటాకు కొలమానం స్థలానికి కలిగే ప్రయోజనమే తప్ప, ఆ మండలంలో పనికయ్యే ఖర్చు కాదన్నది కోర్టు అభిప్రాయం. బ్యాలెట్‌లో యజమానుల ఆమోదం లభించిన పథకమే అయినా, ఆ ఆమోదం ఈ లోపాన్ని పూడ్చలేకపోయింది.