రోడ్డు అంచు ఎవరిది? 1861 పోలీసు చట్టం నుంచి వ్యాలెట్ పార్కింగ్ దాకా

1861 పోలీసు చట్టం అనగానే మనకు గుర్తొచ్చేవి రెండు. ఒకటి 1857 తిరుగుబాటు. రెండోది ప్రజలకు కాక పాలకులకు జవాబుదారీగా ఉండే పోలీసు వ్యవస్థ. పోలీసు సంస్కరణల మీద ప్రశ్న వస్తే ఈ రెండూ రాసి ముందుకు వెళ్లిపోతాం. కానీ అదే చట్టంలోని 34వ సెక్షన్ ఒకసారి చదవండి. ఆ సెక్షన్‌ను వర్తింపజేసిన పట్టణాల్లో, సరుకు ఎక్కించి దించడానికి గానీ, మనుషులు ఎక్కి దిగడానికి గానీ పట్టే సమయం కంటే ఎక్కువసేపు బండిని వీధిలో నిలిపి జనాన్ని ఇబ్బంది పెడితే అది నేరం. దానికి 50 రూపాయల వరకు జరిమానా లేదా 8 రోజుల వరకు జైలు.

మన వీధుల్లో మోటారు కార్లు లేని కాలం అది. ఎడ్లబండ్లు, గుర్రపు బగ్గీల కోసం రాసిన నియమం. అయినా నేటి ‘లోడింగ్ జోన్’ ఆలోచనకు మూలం అందులోనే కనిపిస్తుంది. వీధి ఉన్నది వెళ్లడానికి. ఆగడం మినహాయింపు. ఆ మినహాయింపుకు కొలత అవసరమే తప్ప, ఆగిన మనిషి హోదా కాదు. ఈ సూత్రం తర్వాతి కాలంలో అందరికీ ఒకేలా అమలైందా? ఈ వ్యాసంలో మనం చూడబోయే ప్రశ్న ఇదే.

వీధి ఎవరి ఆస్తి?

దారికి అడ్డం పడితే జరిమానా వేయడం మనకు కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం దారి రకాన్ని బట్టి జరిమానా పెంచుతూ పోతుంది. ఆధునిక పురపాలక చట్టాల్లో ముఖ్యమైనది 1888 నాటి బొంబాయి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం. దాని ప్రకారం ప్రజా వీధులు కార్పొరేషన్‌కు దఖలు పడతాయి. హైదరాబాద్‌కు వర్తించే 1955 నాటి చట్టమూ ఇదే బాటలో నడిచింది.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. ‘దఖలు పడటం’ అంటే ఇష్టం వచ్చినట్లు అమ్ముకునే యాజమాన్యం కాదు. ప్రజల రాకపోకల కోసం వీధిని కాపాడే బాధ్యత. కాబట్టి దుకాణం ముందున్న రోడ్డు దుకాణదారుడిది కాదు. తన వాకిట్లోకి దారి ఉండాలని అడిగే హక్కు ఆయనకు ఉంది. అక్కడ కోన్లు, గొలుసులు పెట్టి ‘మా కస్టమర్లకు మాత్రమే’ అని బోర్డు తగిలించే హక్కు లేదు.

అనుమతి ఎవరు ఇవ్వాలి?

పాలిటీ చదివేటప్పుడు దీన్ని ఒక పటంలా గీసుకోండి. రోడ్లు, పోలీసు, స్థానిక సంస్థలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోని 35వ అంశం. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలును చేర్చింది. అందులోని 18 అంశాల్లో 17వది వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు వంటి ప్రజా సౌకర్యాలు.

మరోవైపు 1988 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ ఉంది. వాహనాలు ఎక్కడ, ఎంతసేపు నిలవవచ్చో స్థానిక సంస్థను సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ నిర్ణయిస్తుంది. పగటిపూట లారీలకు ‘నో ఎంట్రీ’ పెట్టడానికి 115వ సెక్షన్ ఆధారం. అంటే స్థలం ఒకరి చేతిలో, ఆగే సమయం ఇంకొకరి చేతిలో, చలానా మరొకరి చేతిలో ఉండవచ్చు. హోల్‌సేల్ బజారులో సరుకు దించే ట్రాలీ డ్రైవర్‌కు ఇది పాఠ్యాంశం కాదు, రోజువారీ గండం. దించడానికి గుర్తించిన చోటు లేకపోతే అతను చేసే న్యాయమైన పని కూడా ఉల్లంఘనగానే కనిపిస్తుంది.

బండికి ఒక న్యాయం, కారుకు ఒక న్యాయం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రోడ్డు అంచు మీద జరిగిన పెద్ద రాజ్యాంగ పోరాటాలు కార్ల యజమానులవి కావు. ఫుట్‌పాత్ మీద బతికినవాళ్లవి. 1985 జూలైలో సుప్రీంకోర్టు బొంబాయికి సంబంధించి రెండు తీర్పులిచ్చింది. హాకర్స్ యూనియన్ కేసులో వీధి వ్యాపారానికి అనుమతించే, అనుమతించని జోన్లుగా నగరాన్ని విభజించే పద్ధతిని ముందుకు తెచ్చింది. ఓల్గా టెల్లిస్ కేసులో జీవనోపాధి ఆర్టికల్ 21లో భాగమని చెప్పింది. అయితే ఫుట్‌పాత్‌ను ఆక్రమించే హక్కు ఎవరికీ లేదని కూడా చెప్పింది.

1989లో సోదన్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం దీన్ని మరింత స్పష్టం చేసింది. వీధి వ్యాపారం ఆర్టికల్ 19(1)(జి) కిందికి వస్తుంది, సహేతుకమైన ఆంక్షలకు లోబడి ఉంటుంది. కానీ ఫలానా చోటే కావాలనే హక్కు ఉండదు. ఈ వరుసలోనే 2014 వీధి విక్రేతల చట్టం వచ్చింది. సర్వే, విక్రయ ధ్రువపత్రం, టౌన్ వెండింగ్ కమిటీలో విక్రేతలకు కనీసం 40 శాతం స్థానాలు, ఖాళీ చేయించే ముందు 30 రోజుల నోటీసు అందులోని ముఖ్యాంశాలు.

తోపుడు బండికి ఇన్ని పత్రాలు కావాలి. మరి రోజంతా రోడ్డు పక్కన నిలిపి ఉంచిన కారుకు? ఫుట్‌పాత్ మీద పార్కింగ్‌ను 1989 నాటి రోడ్డు నిబంధనలూ, వాటి స్థానంలో వచ్చిన 2017 నిబంధనలూ నిషేధించాయి. పార్కింగ్ రుసుము ఆ భూమి అసలు విలువను ప్రతిబింబించాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. కానీ మన వీధుల్లో ఇవి ఎంతవరకు అమలవుతున్నాయో మీరు రోజూ చూస్తూనే ఉన్నారు.

వ్యాలెట్ పార్కింగ్: తాళం చేతులు మారితే

వ్యాలెట్ పార్కింగ్‌లో రెండు ప్రశ్నలను విడదీసి చూడండి. మొదటిది ప్రజా ప్రశ్న. కారు దిగే రెండు నిమిషాలు 1861 నాటి సూత్రానికి సరిపోతాయి. కానీ ఆ కార్లను తీసుకెళ్లి పక్క వీధుల్లో గంటలకొద్దీ నింపితే, ఒక ప్రైవేటు వ్యాపారం తన ఖర్చును కాలనీ మీదకు నెట్టినట్లే. అందుకే అనుమతి అడిగేవారిని ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇది: కార్లు చివరికి ఎక్కడ ఉంటాయి?

రెండోది యజమానికీ హోటల్‌కూ మధ్య ఉండే ప్రశ్న. 1998లో ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటల్‌లో వ్యాలెట్‌కు అప్పగించిన కారు దొంగతనానికి గురైంది. ఆ వివాదంలో సుప్రీంకోర్టు 2019 నవంబరులో తీర్పు చెప్పింది. తాళం అప్పగించాక అది 1872 కాంట్రాక్టు చట్టం కింద బెయిల్‌మెంట్ అవుతుంది. తన నిర్లక్ష్యం ఉన్నప్పుడు ‘యజమానిదే బాధ్యత’ అని చీటీ మీద అచ్చువేసుకున్నంత మాత్రాన హోటల్ తప్పించుకోలేదు.

జవాబులో ఎలా వాడాలి?

పట్టణ పాలన, 74వ సవరణ, జీవనోపాధి హక్కు, వీటిలో దేనిపై ప్రశ్న వచ్చినా ఈ అంశం ఉదాహరణగా పనికొస్తుంది. తీర్పుల పేర్లు వరుసగా రాసి ఆపేయకండి. ప్రతి అనుమతినీ మూడు ప్రశ్నలతో పరీక్షించండి. ఎంతసేపు? ఎవరి అవసరానికి? ఏ ధరకు? మొదటి ప్రశ్నకు జవాబు 1861లోనే ఉంది. మిగతా రెండింటి మీద పోరాటం ఇంకా సాగుతోంది.

రేపు మీలో ఒకరు మున్సిపల్ కమిషనర్ కుర్చీలో కూర్చోవచ్చు. అప్పుడు హోటల్ దరఖాస్తు మంచి లెటర్‌హెడ్ మీద బల్ల దాకా వస్తుంది. ట్రాలీ డ్రైవర్, పండ్ల బండి ఆమె దరఖాస్తే పెట్టకపోవచ్చు. అయినా ఆ రోడ్డు అంచులో వాళ్లకూ వాటా ఉంది. సంతకం పెట్టే ముందు ఆ సంగతి మీకు గుర్తుండాలి.