సైకిలుకు దారి అడిగినవారు

సాగర్ రహదారిపై మన్నెగూడ మీదుగా సైకిలు తొక్కి ఉంటే, రోడ్డు అంచున మీకు మిగిలే జాగా ఎంతో తెలిసే ఉంటుంది. ఆ జాగా కోసం సంఘంగా ఏర్పడి అడిగినవారు మన నగరంలో ఉన్నారు. 2007లో హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్ పుట్టింది. ఆదివారపు సరదా అనుకున్నవారిలో నేనూ ఒకడిని, పొరబడ్డాను. ఆ క్లబ్ అధ్యక్షులు డి.వి. మనోహర్ పూనికతో, 2017లో మెట్రో రైలు మొదలైనపుడు కొన్ని స్టేషన్ల వద్ద అద్దె సైకిళ్లు వెలిశాయి. ఆమ్‌స్టర్‌డామ్ సంస్థ ఒకటి నగరానికొక ‘సైకిల్ మేయర్’ను ఎంచుతుంది, హైదరాబాదుకు ఆ బాధ్యతను సంతాన సెల్వన్ స్వీకరించారు. ఈ మేయరుకు అధికారమేమీ లేదు, అడిగే నోరు తప్ప.

2023 అక్టోబరు 1న ఔటర్ రింగు రోడ్డు వెంట, సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరిచారు. అది నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరుల వైపు, అంటే పడమట. ఔటర్ మొత్తం 158 కిలోమీటర్లు. మన్నెగూడ ఉన్నది ఆగ్నేయాన.

ఇక్కడ పనికి సైకిలుపై పోయే మనిషికి రానుపోను గంట పడితే, ఐదు రోజులకు 300 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే కనీసం వారానికి 150. అతడు ఆ వ్యాయామమంతా లారీల పక్కనే చేస్తున్నాడు. ఆ సంఘాల వారు మీకు తారసపడితే సాగర్ రహదారి మాట కూడా ఎత్తండి.