చెరియాల పటము - చిత్రకథల ప్రశంసార్హతా విచారము

చిత్రములతో కథ నడపు గ్రంథములకు నేడు లోకమున గొప్ప గౌరవము లభించుచున్నది. 'గ్రాఫిక్ నవల' యను పేర వ్యవహరింపబడు ఈ ప్రక్రియకు పురస్కారములును, విశ్వవిద్యాలయములందు పాఠ్యస్థానమును ఏర్పడినవి. అయితే కీర్తి పొందిన ప్రతి గ్రంథమును ఆ కీర్తికి తగినదేనా యను వాదము విమర్శకుల నడుమ ఎడతెగక సాగుచున్నది. ఈ వాదము మనకు సంబంధింపనిదని తలపరాదు. ఓరుగంటికి పడమటి దిక్కున నున్న చెరియాలలో నకాషీ చిత్రకారులు తరతరములుగా పటముపై కథలను లిఖించుచున్నారు. 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలో నుండి, పిదప సిద్ధిపేట జిల్లాలో చేరిన ఈ గ్రామపు చిత్రకళకును ప్రశంసలు కొదువలేదు. ఆ ప్రశంస చెందవలసిన దానికే చెందుచున్నదా? ఈ ప్రశ్నను విచారించుటయే ప్రస్తుత వ్యాసోద్దేశము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలయును. కథను స్ఫురింపజేయు చిత్రము వేరు, చిత్రముల వరుసతో నడచు కథ వేరు. ఓరుగల్లు రంగస్థలముగా వెలసిన క్రీడాభిరామమున మాచల్దేవి చిత్రశాలా వర్ణనము సుప్రసిద్ధము. అందు పేర్కొనబడినవి పురాణములలోని వేర్వేరు ఘట్టములు. ఒకదాని వెంట నొకటి చూచినంత మాత్రమున అవి ఏకకథ కాజాలవు. కనుక ఆ నగరమున కథాచిత్రములు పరిచితములని మాత్రమే ఆ వర్ణనము వలన గ్రహింపవచ్చును, పటకథ యుండెనని నిర్ణయింపరాదు. పటకథకు గట్టి ఆధారము తరువాతి కాలమున లభించుచున్నది. హైదరాబాదులోని జగదీశ్-కమలా మిత్తల్ మ్యూజియమున భావనాఋషి కథను చిత్రించిన 1625 నాటి పటము కలదు. అప్పటికే ఈ కళ పరిణత రూపము దాల్చియుండెనని దానివలన ఊహింపవచ్చును.

ఈ పటములు గోడలకు అలంకారముగా పుట్టినవి కావు. ఒక్కొక్క కులమునకు ఆ కుల పురాణమును వినిపించు ఆశ్రిత కులము వారు వీనిని వ్రాయించుకొనెడివారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ, భావనాఋషుల కథను చెప్పుదురు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను, చాకలివారికి పటమువారు మడేలు పురాణమును, గౌడులకు గౌడజెట్టివారు గౌడ పురాణమును, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును వినిపింతురు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పు మందహెచ్చులవారు పటమునకు మారుగా బొమ్మలను వాడుదురు. ఆ బొమ్మలను చేసి యిచ్చువారును నకాషీలే. ఏ యూరి వారికి ఏ కుటుంబము కథ చెప్పవలయునో మిరాశి హక్కును బట్టి నిర్ణయమగుచుండెడిది. కథ పలు రాత్రులు సాగెడిది. పటమునకు పూజ జరిపి గాని విప్పెడివారు కారు. శిథిలమైన పటమును పారవేయక, అంత్యక్రియలు జరిపి నీట విడుచు ఆచారము కలదు. ప్రాచీన పటములు అరుదగుటకు ఇదియు నొక కారణము.

పటనిర్మాణమును పరిశీలించినచో అది కథాకథనమునకై ఏర్పడిన శిల్పమని స్పష్టమగును. నూలుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూసి ఆరబెట్టుదురు. దానిపై కథను అడ్డపట్టెలుగా విభజింతురు. పట్టెకు పట్టెకు నడుమ పూలతీగె అంచు నడచును. ఒకే పట్టెలో ఒక సన్నివేశమునకు మరియొకదానికి నడుమ చెట్టో, స్తంభమో, మండపమో సరిహద్దుగా నిలుచును. నేల యంతయు ఎఱ్ఱని రంగు. దేవతలకు నీలము, దేవీమూర్తులకు పసుపు, రాక్షసులకు ముదురు చాయలు వాడుట పరిపాటి. ప్రధాన పాత్ర పరిమాణమున పెద్దది. దూరమున నున్నది చిన్నదిగా కనిపింపవలయునను నియమము ఇచట లేదు, కథలో చిన్నదైనదే చిన్నదిగా నుండును. రాత్రివేళ దీపపు వెలుగున, దూరముగా కూర్చున్న శ్రోత సైతము ఎవరు ఎవరో గుర్తుపట్టుటకు ఈ నియమములన్నియు తోడ్పడును. చిత్రము పైనుండి క్రిందికి విప్పబడుచుండగా, ముందేమి రానున్నదో చుట్టలో దాగియుండును. గ్రంథమున పుటను త్రిప్పుటకు పటమున చుట్టను విప్పుట సరియైన ప్రతిరూపము.

ఇక ప్రశంసను గూర్చి విచారింతము. చిత్రకథలకు లభించు ప్రశంస మూడు విధములుగా కనిపించుచున్నది. మొదటిది ప్రాథమ్యమును బట్టి వచ్చునది. 1978లో వెలువడిన విల్ ఐస్నర్ గ్రంథము 'ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్' తొలి గ్రాఫిక్ నవలగా పలుచోట్ల కీర్తింపబడినది. కాని ఆ పదమును రిచర్డ్ కైల్ 1964లోనే ప్రయోగించెను. స్విట్జర్లాండు దేశీయుడు రొడాల్ఫ్ టోఫర్ 1830ల దశకముననే వరుస చిత్రములతో కథలను ప్రకటించెను. పైగా ఐస్నర్ గ్రంథము నాలుగు కథల సంపుటి. పేదల వాడల జీవనమును అతడు చిత్రించిన తీరు ప్రశంసనీయమే, కాని 'తొలి' యను బిరుదు ఆ ప్రశంసకు ఆధారము కాజాలదు. ఎవరు ముందన్నది చరిత్రకారుని ప్రశ్న. ఏది మేలన్నది విమర్శకుని ప్రశ్న.

రెండవది వస్తుగౌరవమును బట్టి వచ్చునది. నరమేధము, యుద్ధము, వివక్ష వంటి గంభీర విషయములను స్వీకరించిన గ్రంథములను నిరసించుటకు ఎవరికిని మనసొప్పదు. కాని వస్తువు గొప్పదైనంత మాత్రమున కావ్యము గొప్పది కాదని మన ఆలంకారికులు ఏనాడో తేల్చిరి. మూడవది శిల్పమును బట్టి వచ్చునది. చిత్రమును తొలగించి మాటలను మాత్రము చదివినచో కథార్థమున ఏమి లోపించుచున్నది? చిత్రముల వరుస చెదరినచో ఏమి నశించుచున్నది? ఈ రెండు ప్రశ్నలకు నిలిచిన గ్రంథమే చిత్రకథగా ప్రశంసార్హమని నా అభిప్రాయము.

ఈ గీటురాయిపై కొన్ని గ్రంథములను పరీక్షింతము. 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారము పొందిన ఆర్ట్ స్పీగెల్‌మన్ రచన 'మౌస్' యూదుల సంహారమును వర్ణించును. అందు యూదులు ఎలుకలు, జర్మనులు పిల్లులు, పోలెండు వారు పందులు. కథానాయకుడు తాను పోలెండు వాడనని నమ్మించి తప్పించుకొను ఘట్టమున అతడు పందిముఖపు తొడుగును ధరించినట్లు చిత్రింపబడినాడు. జాతి యనునది ఇతరులు తగిలించిన ముఖమే యను భావము మాటలలో ఎచ్చటను చెప్పబడకయే ఆ తొడుగు వలన సిద్ధించుచున్నది. దీని కీర్తి వస్తువు వలన మాత్రమే కలిగినది కాదు.

మన దేశమున 2011లో వెలువడిన 'భీమాయన' అంబేద్కరు జీవితమును చెప్పును. శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్ రచించిన మాటలకు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అను గోండు చిత్రకారులు రూపము కల్పించిరి. వారు పాత్రలను గడులలో బంధింప నిరాకరించిరి. మృదువైన మాటలకు పక్షి ఆకారమును, విషపు మాటలకు తేలుకొండి ఆకారమును కల్పించిరి. అంటరానితనమును అనుభవించిన వ్యక్తి కథలో గడి లేకపోవుట అలంకారము కాదు, అదియే అర్థము. ఈ గ్రంథమును జాంబపురాణ పటము ప్రక్కన నుంచి చదువుట మన విద్యార్థులకు ఎంతయు ఉపకరించును.

అదే యేట మద్రాసు నగరపు తారా బుక్స్ ప్రకటించిన 'సీతాస్ రామాయణ' మన విషయమునకు మరింత సన్నిహితము. వంగదేశపు పటచిత్రకారిణి మొయినా చిత్రకార్ బొమ్మలకు సంహితా ఆర్ని కథనము సమకూర్చెను. సీత దృష్టి నుండి కథ చెప్పుట వలన దీనికి మంచి పేరు వచ్చినది. రేఖలలోని బలమును కాదనలేము. కాని పటమున ఒకే ప్రవాహముగా సాగు సంప్రదాయము పుటలోని గడులకు ఒదిగినపుడు, కథాభారము బొమ్మను విడిచి మాటలపైకి జరిగినది. ఈ గ్రంథమునకు వచ్చిన ప్రశంసలో సగము దృష్టికోణమునకును, సగము రేఖకును చెందును. రెంటి కలయికకు అంత ప్రశంస చెల్లదని నాకు తోచుచున్నది. అన్యాభిప్రాయము కలవారు ఉండవచ్చును.

ఇదే గీటురాయిని చెరియాలకు అన్వయించినపుడు విచిత్రమైన ఫలితము కనిపించును. ధనాలకోట వంశీయుల వంటి నకాషీ కుటుంబముల వారికి జాతీయ పురస్కారములు లభించినవి, భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఇది సంతోషదాయకము. కాని ప్రశంసావాక్యములను పరిశీలించినచో అవి ఎఱ్ఱని నేలను, సహజ వర్ణములను, గ్రామీణ శోభను పొగడునవే. కథను గూర్చిన మాట అరుదు. కథకులు పటములు వ్రాయించుట తగ్గినకొలది చిత్రకారులు జీవనార్థము చిన్న చిత్రములను, ముఖపు బొమ్మలను చేయజొచ్చిరి. కల్లు గీయు గౌడుడు, బతుకమ్మ ఆడు పడుచులు చట్రములో ఇమిడి గోడలపై వెలసిరి. ఆ చిత్రకారులను తప్పుపట్టు అధికారము మనకు లేదు, కళ బ్రదికినది వారి వలననే. అయినను ఒక మాట చెప్పక తప్పదు. చట్రములోని బొమ్మ చిత్రముగా మెచ్చదగినది, పటకథ కీర్తి దానికి చెల్లదు. పటమునకు రావలసిన ప్రశంస దాని తునుకకు వచ్చుచున్నది.

మరియొక అతిశయోక్తియు వినబడుచున్నది. చెరియాల పటము ప్రపంచపు తొలి గ్రాఫిక్ నవల యనుట అట్టిది. ఇది ప్రాథమ్య ప్రశంస యొక్క దేశీయ రూపము. పటము ఏకాంతమున చదువుకొను గ్రంథము కాదు. కథకుని గొంతు, కుల సమూహపు సమక్షము లేనిదే అది పూర్తి కాదు. లేని బిరుదు తగిలించుట వలన ఉన్న గుణము మరుగున పడును.

ఈ విషయమున తెలుగు శాఖలకు చెందిన మేమును నిర్దోషులము కాము. చాల ఏండ్ల క్రిందట నేనొక గ్రామమున కూనపులివారి కథను విని వ్రాసికొంటిని. 1958లో వెలువడిన ఆచార్య బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' వంటి గ్రంథములు నేర్పిన శ్రద్ధతో ప్రతి పదమును పుస్తకమునకు ఎక్కించితిని. ఇంటికి వచ్చి చదువుకొనగా కథ మధ్య మధ్య తెగిపోయినట్లుండెను. "ఇగో ఈయన జూడుండ్రి", "ఇగో ఈడికెల్లి పోయిండు" అను మాటలు పుటపుటకును కలవు. ఈయన యెవరు? ఎచ్చటి నుండి ఎచ్చటికి పోయెను? కథకుని చేతికఱ్ఱ చూపిన చోటు నా పుస్తకములో లేదు. ఒక ఘట్టమున అతడు మాట ఆపి పటమును మెల్లగా విప్పెను. స్త్రీలు చేతులు జోడించిరి. నా వ్రాతలో ఆ చోట ఒక ఖాళీ పంక్తి మాత్రమే యున్నది. కథలో అత్యంత ప్రధానమైన క్షణమును నేను వ్రాయనే లేదు. మ్యూజియము బొమ్మను దాచి పాటను విడిచినది. నేను పాటను దాచి బొమ్మను విడిచితిని. ఇరువురమును సగము కథను పోగొట్టితిమి.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. కథకుడు లేనిదే అర్థము కాని పటము స్వయంసమర్థము కాదు గదా, దానిని ఉత్తమ చిత్రకథ యనుట ఎట్లు? సమాధానమిది. పటము ఎదుట కూర్చున్నవారికి కథ ముందే తెలియును. వారు కోరునది సమాచారము కాదు, తమ మూలపురుషుని దర్శనము. మాట కథను నడపును, చిత్రము దర్శనమును కలిగించును. నాటకము నటుని ఆశ్రయించినంత మాత్రమున హీనము కానట్లే, పటమును హీనము కాదు. అట్లని అన్ని పటములును సమానములు కావు. యుద్ధ ఘట్టములలో ఒకే అశ్వము, ఒకే రథము పట్టె వెంట పట్టెగా తిరిగివచ్చు పటములు కలవు. అచ్చట వరుస యున్నది గాని గమనము లేదు. పట్టె మారినపుడు కథయు మలుపు తిరుగు పటములే నిజమైన ప్రశంసకు అర్హములు. ఈ తారతమ్యమును చెప్పగలిగిననాడే మన ప్రశంసకు విలువ కలుగును. అన్నిటిని ఒకే తీరున పొగడుట దేనిని చూడకుండుటతో సమానము.

కాబట్టి కులపురాణములపై పరిశోధించు విద్యార్థులు పాఠముతో పాటు పట్టెల వరుసను, కథకుడు చూపిన చోటును, ఆగిన చోటును గుర్తించుకొనవలయును. నేడు దృశ్యమును, ధ్వనిని ఒక్కసారిగా నిలుపు సాధనములు ప్రతి విద్యార్థి చేతిలో నున్నవి. లేనిది ఆ రెంటిని కలిపి చూడవలయునను సంకల్పమే. పటము విప్పి కథ చెప్పగల వృద్ధులు కొందరైనను మిగిలియుండగనే ఈ పని జరుగవలయును. పిమ్మట మనకు అందమైన బొమ్మలును, అచ్చుపడిన పాఠములును మిగులును గాని, వానిలో ఏది దేనికి చెందునో చెప్పువారు మిగులరు. పై నిర్ణయములలోని గుణదోషములను విజ్ఞులు పరిశీలింతురు గాక.