వడ్రంగి పనిబల్ల కథ

వడ్రంగమునకు ఉలి, రంపము, చిత్రిక ఎంత ముఖ్యమో, కొయ్యను కదలనీయక పట్టి ఉంచు సాధనము కూడ అంత ముఖ్యము. చిత్రిక పట్టునపుడు పలక ముందునకు జారును. కోయునపుడు అదరును. ఒక చేతితో కొయ్యను పట్టుకొన్నచో పనిముట్టునకు మరొక చేయి మాత్రమే మిగులును. మన దేశపు వడ్రంగులు నేలపై కూర్చుండి, కాళ్ళతో కొయ్యను అదిమిపట్టి ఈ చిక్కును తీర్చుకొనిరి. ఐరోపాలో ఇదే చిక్కునుండి పనిబల్ల పుట్టినది.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము కప్పివేసిన హెర్క్యులేనియం నగరములో ఒక గోడచిత్రము 18వ శతాబ్దిలో బయటపడినది. అందు ఇద్దరు రెక్కల బాలురు పొట్టి బల్లపై పలకను కోయుచుందురు. బల్ల రంధ్రములో దిగిన వంకర ఇనుపకడ్డీ ఒకటి కొయ్యను అదిమిపట్టి ఉండును. దాని తలపై సుత్తితో కొట్టినచో కడ్డీ రంధ్రములో ఏటవాలుగ ఒరసి బిగియును. వెనుకనుండి కొట్టినచో వదలును. ఇక్కడ పట్టునకు మూలము ఘర్షణయే.

తరువాత మర వచ్చినది. నూరెంబర్గ్ నగరవాసి మార్టిన్ లోఫెల్‌హోల్జ్ 1505లో కూర్చిన చిత్రగ్రంథములో మరతో బిగించు పనిబల్ల కనబడును. మరను తిప్పిన కొలది కొయ్య రెండు చెక్కల నడుమ బిగియును. కొద్ది బలముతో గొప్ప ఒత్తిడిని పుట్టించుట మరకుగల గుణము.

ఫ్రాన్సులో ఆంద్రే జాకబ్ రూబో (1739–1791) స్వయముగ వడ్రంగి. పారిస్ విజ్ఞాన పరిషత్తు వెలువరించిన వృత్తివిద్యల గ్రంథమాలలో 1769 నుండి ఇతని వడ్రంగ గ్రంథము వెలువడినది. ఇతడు వర్ణించిన బల్లపై పలక 5, 6 అంగుళముల మందముగల ఒకే దుంగ. బరువే దాని బలము. 8 అడుగుల పొడవు, 20 అంగుళముల వెడల్పు, 5 అంగుళముల మందముగల బీచ్ పలక ఒక్కటే 100 కిలోలు మించును. అట్టి దుంగను కొనుటకు ధనము, చదును చేయుటకు నేర్పు కావలెను. క్రొత్తగా పని నేర్చువానికి ఈ రెండును ఉండవు. పైగా, మంచి బల్లను చేయుటకు ముందుగ ఒక మంచి బల్ల కావలసి వచ్చును!

ఈ ముడిని విప్పు మార్గము ఇంగ్లండు బల్లలో కలదు. పీటర్ నికల్సన్ (1765–1844) స్కాట్లండులో పుట్టి, వడ్రంగము నేర్చి, లండన్‌లో పనివారికి సాయంకాలపు బడి నడపెను. 1812లో వెలువడిన ఇతని గ్రంథములో పలుచని పలకలతో కూర్చిన బల్ల చిత్రితమైనది. దాని రెండు ప్రక్కల వెడల్పైన పలకలు నిలువుగ అమర్చబడి ఉండును.

పలుచని పలకలు బరువునకు వంగవా? దీనికి సమాధానము లెక్కలో ఉన్నది. పలక వంగకుండ నిలుచు శక్తి దాని వెడల్పును బట్టి అంతంతగను, లోతును బట్టి ఘనముగను పెరుగును. 10 అంగుళముల వెడల్పు, 1 అంగుళము మందముగల పలకను పరుండబెట్టినచో ఆ విలువ 10×1×1×1, అనగా 10. అదే పలకను అంచుపై నిలిపినచో 1×10×10×10, అనగా 1000. కొయ్య మారలేదు, ఖర్చు పెరగలేదు. కాని నూరు రెట్ల బిగువు వచ్చినది. విద్యార్థులు ఒక కొలబద్దను బల్ల అంచునుండి చాచి, మొదట పరుండబెట్టియు, పిమ్మట అంచుపై నిలిపియు నొక్కి చూచినచో ఈ భేదము వ్రేళ్ళకే తెలియును.

ప్రక్కపలకలు మరొక మేలు కూడ చేయును. వానిని కాళ్ళకు బిగించుటచే, చిత్రిక తోపునకు బల్ల ముందువెనుకలకు ఊగదు. వానికి వరుసగ రంధ్రములు తొలచి మేకులు దూర్చినచో, అంచు చిత్రిక పట్టవలసిన పొడవు పలక ఆ మేకులపై ఆనును.

కావున మొదటి బల్లను చేయగోరువాడు రెండు ముక్కాలిపీటలపై పలకలను కోసి, కాళ్ళు నాలుగును, ప్రక్కపలకలు రెండును బిగించి, పైన పలకలు పరచిన చాలును. బల్ల నిలిచిన పిమ్మట దాని ఉపరితలమును దానిమీదనే చిత్రికతో చదును చేయవచ్చును. ఎత్తు మాత్రము పనివాని శరీరమునకు సరిపోవలెను. మరీ ఎత్తైనచో చిత్రికపై శరీరభారము పడదు. మరీ పొట్టిదైనచో నడుము నొచ్చును.

1937లో వార్ధా విద్యాప్రణాళిక బడిలో నేర్పదగిన చేతిపనులలో వడ్రంగమును చేర్చినది. చేతిపని ద్వారా ఇతర పాఠములను బోధించుట దాని ఆశయము. బడిపిల్లలు తమ పనిబల్లను తామే కట్టుకొన్నచో, ఘర్షణ, మర, దూలపు బిగువు అను మూడు పాఠములు ఆ ఒక్క వస్తువులోనే లభించును.