వంద డాలర్ల పలక



కొంతకాలంగా మన సొసైటీలో ఒక మాట వినవస్తున్నది. స్కాలర్‌షిప్పుల నిధిలో నుంచి కొంత తీసి బీద పిల్లలకు చౌక రకం లాప్‌టాపులో, ట్యాబులో కొనిపెడితే బాగుంటుందని కొందరు పెద్దల అభిప్రాయం. ఆలోచన మంచిదే. అయితే ఇదే పనిని మనకంటే ముందు ఎంతో పెద్ద ఎత్తున చేసి చూసినవారు లోకంలో ఉన్నారు. వారి చరిత్ర కాస్త తెలిసివుంటే మనకు మేలు గదా అని ఈ వ్యాసం రాస్తున్నాము.

దీనికి మూలపురుషుడు సేమర్ పాపర్ట్ అనే గణిత పండితుడు. 1928లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పుట్టి, జెనీవాలో బాలల మనస్తత్వం పరిశోధించిన పియాజే వద్ద పనిచేసి, ఆ తర్వాత అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేరారు. 1967లో సహచరులతో కలిసి పిల్లల కోసం 'లోగో' అనే కంప్యూటరు భాష తయారుచేశారు. అందులో ఒక తాబేలు ఉంటుంది. ఇంత దూరం నడువు, ఇంత తిరుగు అని పిల్లవాడు చెబితే అది నడిచి గీత గీస్తుంది. చతురస్రం గీయించాలంటే నాలుగుసార్లు తొంభై డిగ్రీలు తిప్పాలని పిల్లవాడు తనంతట తానే కనుక్కోవాలి. కంప్యూటరు పిల్లవాడికి పాఠం చెప్పడం కాదు, పిల్లవాడే కంప్యూటరుకు చెప్పాలన్నది ఆయన సిద్ధాంతం. లెక్కలు చెప్పే ఉస్తాదులెవరైనా ఈ మాటకు తల ఊపుతారు.

1972లో అలన్ కే అనే మరో శాస్త్రజ్ఞుడు పిల్లలు చంకలో పెట్టుకు తిరిగే కంప్యూటరును 'డైనాబుక్' పేరుతో కాగితం మీద ఊహించాడు. 1982లో పాపర్ట్, ఆయన మిత్రుడు నికొలస్ నెగ్రొపాంటే కలిసి ఫ్రెంచి ప్రభుత్వ సాయంతో సెనెగల్ రాజధాని డకార్‌లో పిల్లలకు కంప్యూటర్లు ఇచ్చి చూశారు. సెనెగల్ ముస్లిములు అధిక సంఖ్యాకులుగా ఉన్న బీద దేశమని పాఠకులకు తెలిసిందే. అప్పటి యంత్రాలు ఖరీదైనవి, బరువైనవి. ఆ పని ఎక్కువ దూరం సాగలేదు.

ఇరవై ఏళ్ళు దాటాక, 2005 జనవరిలో, దావోస్ సమావేశంలో నెగ్రొపాంటే గారు వంద డాలర్ల లాప్‌టాప్ తెస్తామని ప్రకటించారు. సంస్థ పేరు 'ఒన్ లాప్‌టాప్ పర్ చైల్డ్', అంటే బిడ్డకొక లాప్‌టాప్. ఆ ఏడాది నవంబరులో ట్యునీసియా రాజధాని ట్యూనిస్‌లో, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ సమక్షంలో నమూనా చూపించారు. కరెంటు లేని పల్లెల కోసమని దానికి చేత్తో తిప్పే పిడి ఒకటి అమర్చారు. అన్నన్ గారు తిప్పబోతే అది కాస్తా ఊడి వచ్చిందని పత్రికలు రాశాయి. తర్వాత అసలు యంత్రంలో ఆ పిడి లేకుండా పోయింది.

ఏమైనా, 2007 చివర తైవాన్‌కు చెందిన క్వాంటా కంపెనీ తయారుచేసిన యంత్రం మాత్రం తీసిపారేయదగినది కాదు. తెలుపు, ఆకుపచ్చ రంగులు. వైర్‌లెస్ కోసం పైన కుందేలు చెవుల్లాంటి రెండు కొమ్ములు. దుమ్ము, నీళ్ళు చొరకుండా మీటలపై రబ్బరు. తిరిగే డిస్కు లేదు, ఫ్యాను లేదు. మేరీ లూ జెప్సెన్ అనే ఇంజినీరు రూపొందించిన తెర మండుటెండలో కూడా నలుపు తెలుపుల్లో చక్కగా కనబడేది. చెట్టు కింద బడులకు ఇంతకంటే ఏం కావాలి? ఇంటర్నెట్ లేకపోయినా పక్కపక్క యంత్రాలు తమలో తాము మాట్లాడుకునేవి. ఉర్దూ, పష్తో, దేవనాగరి, అమ్హారిక్ లిపుల కీబోర్డులు కూడా రూపొందించారు. కాని ఖరీదు మాత్రం వంద కాదు, 188 డాలర్లు. ఆనాటి మారకం ప్రకారం ఏడు వేల రూపాయల పైమాటే.

ఇంకొక విషాదం కూడా చెప్పాలి. 2006 డిసెంబరులో, గణిత బోధన సభ కోసం హనోయ్ వెళ్ళిన పాపర్ట్ గారిని రోడ్డు మీద మోటారు సైకిలు ఢీకొని తలకు తీవ్రమైన గాయమైంది. 2016లో మరణించేదాకా ఆయన మునుపటి మనిషి కాలేకపోయారు. ఆయన కలగన్న యంత్రం పిల్లల చేతికి వచ్చే వేళకు, దానితో ఏం చేయాలో చెప్పగల మనిషి పక్కన లేకపోయాడన్నమాట.

కోట్ల కొద్దీ అమ్ముతామనుకున్నారు. నైజీరియా, బ్రెజిల్, థాయిలాండ్ వంటి దేశాల నుంచి ఆశించిన పది లక్షల ఆర్డర్లు రానేలేదు. థాయిలాండ్‌లో 2006 సెప్టెంబరులో ప్రభుత్వమే కూలిపోయింది. ఇంటెల్ కంపెనీ 'క్లాస్‌మేట్' పేరిట పోటీ యంత్రం దింపి, 2007లో ఈ సంస్థలో చేరి, 2008 జనవరిలో బయటికి పోయింది. చివరకు అన్ని దేశాలకూ కలిపి చేరినవి లక్షల్లోనే.

ఇక పెరూ సంగతి. అందరికంటే ఎక్కువ, ఎనిమిది లక్షలకు పైగా కొన్న దేశమది. కొండల్లోని బీద బడులకు ముందు పంపారు. ఉద్దేశం మెచ్చదగిందే! 2012లో అమెరికా ఖండాల అభివృద్ధి బ్యాంకు 319 బడులను పరీక్షించి చూస్తే లెక్కల్లో గాని, భాషలో గాని పిల్లలు ముందుకు పోయిన జాడ లేదు. కాస్త ఆలోచనాశక్తి పెరిగిన గుర్తులు మాత్రం కనిపించాయి. చాలా బడులకు ఇంటర్నెట్ లేదు. యంత్రం పాడైతే డబ్బు కట్టాల్సి వస్తుందేమోనని తల్లిదండ్రులు ఇంటికి తేనివ్వలేదు. ఉపాధ్యాయులకు ఇచ్చిన శిక్షణ అంతంత మాత్రం. పంతులు లేకున్నా పిల్లలే నేర్చుకుంటారన్న ధీమా ఈ పథకం పుట్టుకలోనే ఉంది. మా దృష్టిలో అసలు తప్పు అక్కడే జరిగింది.

ఉరుగ్వే చిన్న దేశం. అధ్యక్షుడు టబారే వాస్కెస్ హయాంలో 2007 మే నెలలో వీజా కార్దాల్ అనే పల్లె బడిలో మొదలుపెట్టి, 2009 అక్టోబరు నాటికి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లోని పిల్లలందరికీ, మూడున్నర లక్షల మందికి పైగా, ఇచ్చారు. టీచర్లకూ ఇచ్చారు. ప్రభుత్వ టెలిఫోన్ సంస్థ బడులకు ఇంటర్నెట్ వేసింది. మరమ్మతులకు ఏర్పాటు చేశారు. అక్కడ కూడా మార్కులేమీ పెరగలేదని 2014లో ఒక పరిశోధన తేల్చింది సుమా! అయినా వారు వదలలేదు. ఇంగ్లీషు టీచర్లు చాలని బడులకు దూరం నుంచి వీడియోలో టీచరును చూపిస్తూ, తరగతిలో సొంత టీచరునూ ఉంచి నడిపారు. 2020లో కరోనాకు బడులు మూసినప్పుడు ఆ ఏర్పాటే వారిని ఆదుకున్నది.

మన దేశం 2006లో ఈ యంత్రం వద్దన్నది. ఆ డబ్బుకు బడులు, టీచర్లు ముందు కావాలని మన విద్యాశాఖ వాదన. తర్వాత సొంతంగా 'ఆకాశ్' ట్యాబును 2011 అక్టోబరు 5న విడుదల చేసింది. తొలి విడత బిగించింది హైదరాబాదులోనే. ధర రెండు వేల పైచిల్లర. వేలితో గట్టిగా నొక్కితే గాని పలకని తెర, రెండు మూడు గంటల్లో అయిపోయే బ్యాటరీ. కొద్ది ఏళ్ళలో దాని ఊసే లేకుండా పోయింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, వారి టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచడం మన కళ్ళ ముందటి సంగతే.

మన సొసైటీ నిధి ఎంతో సభ్యులకు తెలుసు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన వచ్చినప్పుడు మేము మొదట రెండు లెక్కలు అడగదలచాము: మరమ్మతులకు ఏటా ఎంత విడిగా ఉంచుతారు? పిల్లల చేతికి ఇవ్వకముందు ఉస్తాదుల చేతిలో అది ఎన్ని నెలలు ఉంటుంది?