మేరియాన్ నార్త్: తస్వీరుల్ని వక్ఫ్ చేసిన ముసాఫిర్

తాజ్‌మహల్ తస్వీర్లు గీసినవాళ్ళు లెక్కలేనంత మంది. వాళ్ళలో మేరియాన్ నార్త్ పేరు మన ఇళ్ళలో పెద్దగా వినపడదు. ఆమె 1830లో ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్‌లో పుట్టింది. తండ్రి ఫ్రెడరిక్ నార్త్ పార్లమెంటు మెంబరు. కూతురి షౌక్‌ని కాదనకుండా తనతోపాటు దేశాలు తిప్పాడు. 1869లో ఆయన ఇంతెఖాల్ అయ్యాక ఆమె ఒంటరిదైపోయింది. షాదీ చేసుకోలేదు. రంగులపెట్టె పట్టుకుని 1871లో సఫర్ మొదలుపెట్టింది.

అమెరికా, జమైకా, బ్రెజిల్, జపాన్, బోర్నియో, జావా, సిలోన్ చూసింది. 1877 ఆఖర్లో హిందూస్తాన్‌లో దిగి, ఏడాదికి పైగా తిరిగింది. ఆగ్రాలో తాజ్‌ని గీసింది. తర్వాత డార్విన్ సలహా విని 1880లో ఆస్ట్రేలియాకూ వెళ్ళింది.

ఆ రోజుల్లో మొక్కల బొమ్మలంటే తెల్లకాగితం మీద ఒక కొమ్మ, ఒక పువ్వు, అంతే. ఈమె ఆయిల్ రంగుల్లో, ఆ చెట్టు వెనక కొండనీ, నదినీ, ఆకాశాన్నీ కలిపి గీసింది. చెట్టుని దాని వతన్‌లోనే చూపించింది. బోర్నియోలో ఆమె గీసిన ఒక కూజా మొక్క సైన్సుకి అప్పటిదాకా తెలియదు. ఆ తస్వీర్ చూశాకే దాన్ని వెతికించి తెప్పించారు. దానికి ఆమె పేరే పెట్టారు: నెపెంథిస్ నార్తియానా.

ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆమెకి దౌలత్ ఉంది, పెద్ద దొరల సిఫారసు ఉత్తరాలున్నాయి. ఆమె మద్రాసు ఇలాఖాలో అడుగుపెట్టిన రోజుల్లోనే మన రాయలసీమ ధాత కరువుతో అల్లాడుతోంది. తెల్లదొరల రాజ్యం ఆమెకి తెరిచిన దర్వాజాలు ఆ ఆకలిగొన్నవాళ్ళకి తెరుచుకోలేదు.

అయినా ఆమె చేసిన ఒక పని నా దిల్‌లో నిలిచిపోయింది. లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో గ్యాలరీ కట్టించి, ఎనిమిది వందలకు పైగా తస్వీరుల్ని తన చేత్తోనే అమర్చి, అవామ్‌కి ఇచ్చేసింది. 1882లో అది తెరుచుకుంది. చూడ్డానికి వచ్చేవాళ్ళకి చాయ్, కాఫీ ఇద్దామనుకుంటే గార్డెన్ డైరెక్టర్ హుకర్ ఒప్పుకోలేదు. ఆమె నవ్వుకుని, తలుపుల మీద చాయ్ మొక్కనీ కాఫీ మొక్కనీ గీసేసింది! 1890లో ఆమె పోయింది. గ్యాలరీ మాత్రం ఈరోజుకీ ఉంది.

అసలుని కదిలించకుండా, దాని ఫాయిదా అందరికీ అందేలా వదిలివెళ్ళడాన్ని మనం వక్ఫ్ అంటాం. ఆమెకి ఆ లఫ్జ్ తెలియకపోవచ్చు, చేసింది మాత్రం దాదాపు అదే.

బేటీకి రంగులు కొనిచ్చే అబ్బాలు మనలో చాలామందే ఉన్నారు, మాషాఅల్లాహ్. నిఖా అయ్యాక ఆ నోటుబుక్కులు ఏ సందూక్‌లో పడ్డాయో అడిగేవాళ్ళే తక్కువ. బిడ్డ హునర్ కూడా మన దగ్గరున్న అమానతే. ఈ జుమ్మా రోజు ఆ సందూక్ ఒకసారి తెరిచి చూడండి.