కుక్కర్ గ్యాస్కెట్‌కీ, మునిగిపోయిన ఓడకీ సంబంధం ఏంటి?

కుక్కర్ విజిల్ రాకుండా పక్క నుంచి బుస్సుమని ఆవిరి పోతుంటే అమ్మ ఏమంటుంది? "గ్యాస్కెట్ పోయింది, బజారుకెళ్లి కొత్తది పట్రా" అంటుంది. అలాంటి రబ్బరే ఓడల గుండ్రటి కిటికీకి కూడా ఉంటుంది. ఆ కిటికీని పోర్ట్‌హోల్ అంటారు. కుక్కర్లో ఆవిరి బయటికి పోకూడదు, ఓడలో సముద్రం లోపలికి రాకూడదు. తేడా అంతే.

ఇంత చిన్న కిటికీతో ఏమవుతుంది అనుకుంటున్నారా? అయితే 1916కి వెళ్దాం.

టైటానిక్ గురించి అందరికీ తెలుసు. దాని చెల్లెలు లాంటి ఓడ ఒకటుంది, పేరు బ్రిటానిక్. టైటానిక్ మునిగాక దీని డిజైన్ మార్చారు. ఆరు గదుల్లోకి నీళ్లొచ్చినా తేలేలా కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని ఆసుపత్రి ఓడగా వాడారు. 1916 నవంబర్ 21 ఉదయం, గ్రీస్ దగ్గర ఏజియన్ సముద్రంలో ఒక మందుపాతర పేలింది. టైటానిక్ మునగడానికి 2 గంటల 40 నిమిషాలు పట్టింది. మరి అంతకంటే గట్టిగా కట్టిన బ్రిటానిక్‌కి? 55 నిమిషాలే!

ఎందుకలా? వార్డులకి గాలి ఆడాలని కింది అంతస్తుల పోర్ట్‌హోల్స్ తెరిచి ఉంచారు. యుద్ధ ప్రాంతంలో అలా తెరవకూడదని రూల్ ఉంది. పేలుడుతో ఓడ ఒక పక్కకి ఒరిగింది, ఆ కిటికీలు నీటి మట్టానికి దిగాయి. ఇక ఒక్కో కిటికీ ఒక్కో కుళాయి అయిపోయింది. వెయ్యి మందికి పైగా బతికారు కానీ, 30 మంది చనిపోయారు. కిటికీలే ఏకైక కారణం కాదు. పేలుడుకి కొన్ని వాటర్‌టైట్ తలుపులు కూడా సరిగ్గా పడలేదు. కానీ మునగడం అంత వేగంగా జరగడంలో ఆ కిటికీల పాత్ర పెద్దది.

సరే, కిటికీ మూసేశాం అనుకోండి. ఇత్తడి ఫ్రేమూ, గట్టి అద్దమూ ఉంటే సరిపోతుందా? సరిపోదు. లోహానికీ లోహానికీ మధ్య ఎంతో కొంత సందు ఉంటుంది. దాన్ని నింపడానికి మెత్తగా నొక్కుకుపోయి, వదలగానే మళ్లీ పైకి లేచేది ఒకటి కావాలి. పాతకాలంలో చెక్క ఓడల పలకల మధ్య తారు పట్టించిన నార కూరేవాళ్లు. కానీ రోజూ తెరిచి మూసే కిటికీకి అది పనికిరాదు.

పచ్చి రబ్బరు ఉండేది, కానీ ఎండకి జిగురై అంటుకునేది, చలికి రాయిలా గట్టిపడేది. 1839లో అమెరికాకి చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్, రబ్బర్ని గంధకంతో కలిపి వేడి చేస్తే ఆ జబ్బు పోతుందని కనిపెట్టాడు. 1844లో పేటెంట్ వచ్చింది. పాపం, ఆయన మాత్రం 1860లో అప్పులతోనే పోయాడు. ఇవాళ్టి కుక్కర్ రబ్బరు, బండి టైరు, ఓడ గ్యాస్కెట్ అన్నిటి వెనకా ఆ పద్ధతే ఉంది.

అయితే రబ్బరుకీ ఆయుష్షు ఉంటుంది. ఎండ తగిలి పగుళ్లిస్తుంది. ఏళ్ల తరబడి నొక్కుకుని ఉండి అలాగే చదునైపోతుంది. అప్పుడు కిటికీ మూసినా మూయనట్టే. అందుకే తెరచాప పడవలున్నవాళ్లు దాన్ని స్వయంగా మారుస్తారు. పాత రబ్బరు పీకి, గాడిలో మిగిలిన జిగురంతా గీకి శుభ్రం చేస్తారు. కొత్తదాన్ని లాగి బిగించరు. లాగితే తర్వాత ముడుచుకుని అతుకు దగ్గర సందు వస్తుంది కాబట్టి, ఒక పిసరు ఎక్కువే కోసి, అతుకు పైవైపు ఉండేలా పెడతారు. కింద పెడితే నీళ్లు అక్కడే నిలుస్తాయి కదా!

ఇప్పుడు అసలు టెస్ట్. రబ్బరుకి ఆనే ఫ్రేమ్ అంచుకి సుద్దముక్క రాసి, కిటికీ మూసి, తెరిచి చూస్తారు. రబ్బరు మీద తెల్లటి గీత తెగకుండా పడితే పాస్. ఎక్కడ తెగిందో అక్కడే కారుతుంది. ఆ తర్వాత పైపుతో నీళ్లు కొట్టి ఇంకోసారి చూస్తారు. కారితే మరను ఇంకా బిగించేద్దాం అనుకోకూడదు, రబ్బరు నలిగిపోతుంది.

మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి. 2017 సెప్టెంబర్‌లో ఆరుగురు భారత నౌకాదళ మహిళా అధికారులు ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో గోవా నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. వాళ్లలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య కూడా ఉన్నారు. పడవ పొడవు సుమారు 55 అడుగులే. దక్షిణ మహాసముద్రంలో అలలు ఇళ్లంత ఎత్తు లేస్తాయి. అక్కడ మెకానిక్‌ని పిలవలేం. బయల్దేరే ముందు చూసుకోని ప్రతి చిన్న సందునీ సముద్రం వెతికి పట్టుకుంటుంది.

బ్రిటానిక్‌ని అంత గట్టిగా కట్టినా చివరికి కిటికీల దగ్గర ఓడిపోయింది. కాబట్టి ఫ్రెండ్స్, ఈసారి అమ్మ గ్యాస్కెట్ తెమ్మంటే "రేపు తెస్తాలే" అనకండి. ఇవాళే తెచ్చేయండి. మళ్లీ ఇంకో కథతో కలుద్దాం, ఉంటాను!